2026కి ఎనిమిది లక్ష్యాలు రాసుకున్నా: ఏవి ఉంచాలి, సంక్రాంతి దాటాక కూడా నిలవాలంటే ఎలా?

ఇందిరానగర్_గోదావరి (డిసెంబర్ 27, 2025)

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఉంటున్న మనవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నాను. "మనసుంటే మార్గం ఉంటుంది" లాంటి సలహాలు ఇంట్లోనే దొరుకుతాయి. తేదీలతో, లెక్కలతో చెప్పగలిగినవాళ్ళు చెప్పండి.

పరిస్థితి ఇదీ: ఐటీ ఉద్యోగం. సోమ, బుధ, శుక్ర వైట్‌ఫీల్డ్ ఆఫీసుకి, ఇందిరానగర్ నుంచి మెట్రోలో. మంగళ, గురు ఇంటి నుంచే, కానీ ఆ రెండు రోజులూ రాత్రి 9.30 దాకా అమెరికా కాల్స్. సంక్రాంతికి భీమవరం వెళ్ళడం తప్పదు, జనవరి 10 రాత్రి బయల్దేరి 18కి తిరిగి వస్తాం.

జాబితా:
1. ఆగకుండా 5 కిలోమీటర్లు పరిగెత్తడం
2. 8 కిలోలు తగ్గడం
3. నెలకి 25 వేలు పొదుపు
4. కన్నడ చదవడం, మాట్లాడడం
5. నెలకి రెండు తెలుగు పుస్తకాలు
6. ఒక క్లౌడ్ సర్టిఫికేషన్
7. ఫోన్ చూడడం తగ్గించడం
8. పొద్దున్నే ఐదింటికి లేవడం

ఇందులో ఏవి తీసేయాలి? ఏది ఎప్పుడు మొదలుపెట్టాలి? ఒకరోజు తప్పిపోతే ఏం చేయాలి? యాప్ మంచిదా, కాగితమా?

వారాల_లెక్క

జాబితా బాగానే ఉంది గానీ ఎనిమిదీ ఒక జాతివి కావు. ముందు విడదీద్దాం.

పరుగు, కన్నడ, పుస్తకాలు వారం వారం చేసే పనులు. పొదుపు అలాంటిది కాదు, ఒక పూట కూర్చుని సెట్ చేసి వదిలేసే ఏర్పాటు. దానికి రోజూ పట్టుదల ఖర్చుపెట్టక్కర్లేదు. 8 కిలోలు అనేది ఫలితం. మంగళవారం సాయంత్రం ఏడింటికి కూర్చుని "ఇప్పుడు 8 కిలోలు తగ్గుతాను" అనుకుంటే ఏమీ జరగదు, ఆ పూట కంచంలో ఏముండాలో మాత్రం తేల్చుకోవచ్చు. సర్టిఫికేషన్ పరీక్ష తేదీ ఉన్న ప్రాజెక్టు. దాన్ని ఏప్రిల్-జూన్‌కి తోసేయండి, పరుగూ కన్నడా అప్పటికి కుదురుకుంటాయి.

ఐదింటికి లేవడం కొట్టేయండి. కాల్ 9.30కి అయితే భోజనం, గిన్నెలు సర్దడం అయ్యేసరికి 10.30, నిద్రపట్టేసరికి 11. ఐదింటికి లేస్తే ఆరు గంటల నిద్ర. నాలుగో రోజుకల్లా నిద్రే గెలుస్తుంది, దాంతోపాటు పరుగూ పోతుంది. 6.15 చాలు.

"ఫోన్ తగ్గించడం" అనే మాటలో చేయాల్సిన పని లేదు, చేయకూడనిది మాత్రమే ఉంది. 2020లో అచ్చయిన అధ్యయనం కోసం స్వీడన్‌లో వెయ్యిమందికి పైగా కొత్త సంవత్సరం తీర్మానాలను ఏడాదిపాటు చూశారు. "ఇది చేస్తాను" అని రాసుకున్నవాళ్ళలో 58.9 శాతం నెగ్గామన్నారు, "ఇది మానేస్తాను" అన్నవాళ్ళలో 47.1 శాతం. కాబట్టి తిరగరాయండి: "రాత్రి 10.30కి ఫోన్ హాల్లో టీవీ పక్క ఛార్జర్‌కి పెడతాను, పడగ్గదిలోకి మామూలు అలారం గడియారం తెచ్చుకుంటాను." ఆ గడియారం కొనకపోతే ఈ ఏర్పాటు పనిచేయదు. అలారం కోసమని ఫోన్ తలగడ పక్కకే వచ్చేస్తుంది.

ఇక అసలు విషయం, తేదీలు. మనవాళ్ళ తీర్మానాలు జనవరి 31 దాకా ఆగవండీ, భోగి మంటల్లోనే పోతాయి. మొదలుపెట్టి పదిరోజులు కాకముందే ఊరు, బంధువులు, అరిసెలు, అర్ధరాత్రి దాకా కబుర్లు. తిరిగొచ్చాక "ఎలాగూ తెగిపోయింది కదా" అని వదిలేస్తారు. తప్పు సంక్రాంతిది కాదు, ప్లాన్లో సంక్రాంతి లేకపోవడానిది. జనవరి 6న మొదలుపెట్టి ఊరెళ్ళేదాకా ఒక వారం చేయండి, 12 నుంచి 18 వరకు పరుగు సున్నా, కన్నడ సున్నా అని ఇవాళే రాసిపెట్టుకోండి. ముందే రాసుకున్న సెలవుని ఎవరూ ఓటమి అనుకోరు.

ఇంకో సంగతి. జనవరి 1 గురువారం, ఉగాది మార్చి 19, అదీ గురువారమే. మధ్యలో సరిగ్గా 11 వారాలు. ఏడాది మొత్తానికి ప్లాన్ వేయకండి, ఈ 11 వారాలకే వేయండి. ఉగాది నాడు కూర్చుని ఏది ఉంచాలో, ఏది మార్చాలో చూసుకోండి. మన కొత్త సంవత్సరం ఎలాగూ అదే.

ఒకరోజు తప్పితే: లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది, కానీ ఒక్కొక్కరికి 18 నుంచి 254 రోజుల దాకా తేడా. ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడే క్రమానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. అందరూ చెప్పే "21 రోజులు" 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట. తన పేషెంట్లు మారిన ముఖానికి అలవాటు పడడానికి కనీసం అన్నాళ్ళు పడుతుందన్నాడాయన. "కనీసం" అన్నది జనం నోళ్ళలో నాని ఎగిరిపోయింది.

అందుకే వరసగా ఎన్ని రోజులు చేశారో లెక్కపెట్టే యాప్ మీకు పనికిరాదు. ఒక్కసారి సున్నా పడిందంటే మళ్ళీ తెరవాలనిపించదు. వారానికి ఇన్నిసార్లు అని పెట్టుకోండి. గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ చాలు. తేదీ గళ్ళలో తిథి, నక్షత్రం, వర్జ్యం నిండిపోయి రాయడానికి చోటుండదు గానీ, ఆదివారం ఎర్రంకె పక్కన "3/3" అనో "2/3" అనో పెన్నుతో రాయొచ్చు. పక్కపక్క రెండు ఆదివారాలు 1/3 పడితే లక్ష్యాన్ని సగం చేయండి, మానేయకండి.

ప్రతి పనీ "ఫలానాది అవగానే ఫలానాది" అనే వాక్యంగా ఉండాలి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచీ దీనిమీద పరిశోధించాడు. "వారానికి మూడుసార్లు పరిగెడతాను" కన్నా "మంగళ, గురు, శని పళ్ళు తోముకోగానే తలుపు పక్కనున్న బూట్లు వేసుకుంటాను" అన్నది ఎక్కువ జరుగుతుంది. వాక్యంలో రోజు, దాని ముందు జరిగే పని, వస్తువు ఉండే చోటు ఉన్నాయో లేదో చూసుకోండి.

మొండిఘటం

పైన చెప్పినవాటితో పేచీ లేదు, ఒక్క జనవరి 6 మొదటి వారం తప్ప. నాలుగు రోజులు చేసి ఊరెళ్ళడానికి ఇప్పుడే మొదలెట్టడం ఎందుకు? 2014లో హెంగ్‌చెన్ దాయ్, క్యాథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ చూపించింది ఇదే కదా: వారం మొదట్లో, నెల మొదట్లో, పుట్టినరోజు తర్వాత కూడా జనం జిమ్‌కి ఎక్కువగా వెళ్తారు. జనవరి 1కి ప్రత్యేకమైన మహిమ ఏమీ లేదు. 19 సోమవారం ఉంది, ఊరి నుంచి వచ్చాక శుభ్రంగా ఆ రోజు మొదలుపెట్టుకోండి.

వారాల_లెక్క

@మొండిఘటం గారూ, తేదీకి మహిమ లేదన్నది నిజమే. కానీ 18న ఇంటికి చేరి, 19న సూట్‌కేసు విప్పుతూ, ఉతకాల్సిన బట్టలు చూస్తూ, అదే రోజు కొత్త బూట్లు ఎక్కడ కొనాలా అని వెతకడం ఎవరివల్లా కాదు. మొదటి వారం పరుగు కోసం కాదు, రిహార్సల్ కోసం. అలారం వినపడిందా, బూటు కరిచిందా, ఏ సందులో కుక్కలు వెంటపడుతున్నాయి, ఇవన్నీ జనవరి 10 లోపే తెలిసిపోవాలి. 19న ఆలోచించాల్సింది ఏమీ మిగలకూడదు.

ఇంకోటి. 2002లో అచ్చయిన అమెరికా అధ్యయనంలో కొత్త ఏడాదికి తీర్మానం చేసుకున్నవాళ్ళలో ఆరు నెలలకి 46 శాతం నిలబడ్డారు. మారాలని ఉన్నా తీర్మానం చేసుకోనివాళ్ళలో 4 శాతమే. "తర్వాత చూద్దాం" అనేవాళ్ళు రెండో గుంపులోకి జారిపోతారు.

పాదచారి

పరుగు సంగతి నేను చెప్తాను.

ముందు రోజులు. మీకు రాత్రి కాల్స్ మంగళ, గురువారాలు. చాలామంది "కాల్ ఉన్న రోజు కష్టం" అని సోమ-బుధ-శుక్ర పెట్టుకుంటారు. అది తిరకాసు. బుధవారం పొద్దున్న లేచేది మంగళవారం కాల్ అయ్యాక పడుకుని, పైగా ఆఫీసుకి పరుగెత్తాలి. మంగళ, గురు, శనివారాలకి ముందు రాత్రులు సోమ, బుధ, శుక్ర, మూడూ ఖాళీ. మంగళ, గురు ఇంట్లోనే పని కాబట్టి పొద్దున హడావిడి కూడా లేదు. ప్రతి పరుగుకీ మధ్య కనీసం ఒకరోజు విశ్రాంతి వస్తుంది.

"కౌచ్ టు 5కె" అని కొత్తగా పరిగెత్తేవాళ్ళ కోసం తొమ్మిది వారాల పద్ధతి ఉంది, చాలామందికి తెలిసిందే. ప్రతిసారీ ముందు 5 నిమిషాలు చకచకా నడక. ఆ తర్వాత:
మొదటి వారం: 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, ఇలా 20 నిమిషాలు.
రెండు: 90 సెకన్లు పరుగు, 2 నిమిషాలు నడక, మళ్ళీ 20 నిమిషాలే.
మూడు: 90 సెకన్ల పరుగు, అంతే నడక, 3 నిమిషాల పరుగు, అంతే నడక. ఈ వరస రెండుసార్లు.
నాలుగు: 3 నిమిషాలు, 5 నిమిషాలు, మళ్ళీ 3, మళ్ళీ 5 పరుగు. మధ్యలో నడక ఒకటిన్నర, రెండున్నర, ఒకటిన్నర నిమిషాలు.
ఐదు: మొదటి రోజు మూడు ఐదు నిమిషాలు, రెండో రోజు రెండు ఎనిమిది నిమిషాలు, మూడో రోజు ఏకబిగిన 20 నిమిషాలు.
ఏడో వారం 25, ఎనిమిది 28, తొమ్మిది 30 నిమిషాలు ఆగకుండా.

మీ తేదీలకి అతికితే మొదటి వారం జనవరి 6, 8, 10. సంక్రాంతి సెలవు. రెండో వారం 20, 22, 24. అలా పోతే తొమ్మిదో వారం మార్చి 10, 12, 14. ఉగాదికి నాలుగు రోజులు మిగులుతాయి. ఊళ్ళో పరిగెత్తక్కర్లేదు, బూట్లు మాత్రం బ్యాగులో వేసుకెళ్ళండి. పొద్దున చెరువుగట్టు మీదో కాలవగట్టు మీదో 20 నిమిషాలు నడిస్తే 20న కాళ్ళు కొత్తగా ఉండవు.

జనం బెదిరిపోయేది ఐదో వారం మూడో రోజు, మీకది ఫిబ్రవరి 14. ఎనిమిది నిమిషాల నుంచి ఒక్కసారిగా ఇరవైకి వెళ్ళమంటుంది. అవ్వదనిపించడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, వేగం. పక్కనున్న మనిషితో ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగమే మీ వేగం. నడిచేవాళ్ళు మిమ్మల్ని దాటుకుపోతున్నా పట్టించుకోకండి. (మర్నాడు శివరాత్రి. జాగారం చేసినా మంగళవారానికి తేరుకుంటారు.)

మోకాలి కింద ఎముక వెంట లాగినట్టు నొప్పి వస్తే అది మొదటి నెలలో మామూలుగా వచ్చేదే. నిమిషాలు త్వరగా పెంచడం, సిమెంటు గట్టు మీద పరిగెత్తడం, అరిగిపోయిన బూట్లు, ఈ మూడింటిలో ఒకటి కారణం. మూడు నాలుగు రోజులు ఆపి, ముందటి వారం నుంచి మళ్ళీ అందుకోండి. నొప్పి ఒకే చోట వేలుపెట్టి చూపించేలా ఉండి, పడుకున్నప్పుడు కూడా ఉంటే ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు. అప్పుడు డాక్టరు దగ్గరకే.

చోటు: మీకు కబ్బన్ పార్కు దగ్గర, ఇందిరానగర్ నుంచి నేరుగా పర్పుల్ లైన్. ఆదివారాలు లోపల వాహనాలు తిరగవు, హాయిగా ఉంటుంది. లాల్‌బాగ్ 240 ఎకరాలు, మట్టి దారులు మోకాళ్ళకి మంచివి, కానీ జనవరిలో రిపబ్లిక్ డే పూల ప్రదర్శన రోజుల్లో అటు వెళ్ళకండి. మంగళ, గురువారాల్లో ఈ రెండింటి జోలికీ పోకుండా ఇంటి దగ్గర పార్కులోనే కానిచ్చేయండి. అరగంట పరుగుకి గంట ప్రయాణం అంటే మూడో వారానికి మానేస్తారు.

ఒక హెచ్చరిక. 30 నిమిషాల పరుగూ 5 కిలోమీటర్లూ ఒకటి కావు. కొత్తవాళ్ళు కిలోమీటరుకి 8 నిమిషాలు తీసుకుంటారు, అంటే 30 నిమిషాల్లో 3.75 కిలోమీటర్లే. మిగతా దూరానికి వారానికి రెండు మూడు నిమిషాలు కలుపుకుంటూ పోతే ఏప్రిల్ మధ్యకి 5 దాటుతారు. కాబట్టి ఉగాదికి "30 నిమిషాలు ఆగకుండా" అని రాసుకోండి. ఏప్రిల్ చివర్లో జరిగే వరల్డ్ 10కె చూసి ఉత్సాహపడి పది కిలోమీటర్లకి పేరు ఇచ్చేయకండి, అందులోనే ఉండే మజ్జా రన్ అనే చిన్న సరదా పరుగు మీకు సరిపోతుంది.

తిండిగింజ

8 కిలోల గురించి కొంచెం. ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. రోజుకి 500 తగ్గిస్తే వారానికి అరకిలో. అంటే 8 కిలోలకి కనీసం 16 వారాలు. సంక్రాంతి నుంచి వచ్చాక మొదలుపెడితే మే రెండో వారం. ఉగాదికి 4 కిలోలు అని రాసుకోండి, అంతకన్నా ఆశపడితే ఫిబ్రవరిలోనే నీరసం వచ్చి వదిలేస్తారు.

పరుగు మీద భారం వేయకండి. మొదటి వారాల్లో ఒక పరుగుకి ఖర్చయ్యేది పంచదార వేసిన ఒక టీ, నాలుగు బిస్కెట్లతో తిరిగి వచ్చేస్తుంది. తగ్గేది కంచంలోనే. వండిన అన్నం 150 గ్రాములు దాదాపు 195 కేలరీలు, ఒక పెద్ద చెంచా నూనె 120. రాత్రి అన్నం ఒక కప్పుకి తేవడం, పోపులో నూనె చెంచాతో కొలిచి వేయడం, ఆఫీసులో సాయంత్రం టీతో వచ్చే చిరుతిండి మానేయడం, ఈ మూడింటితోనే 500 దగ్గరకి వస్తారు. సీసాలోంచి నేరుగా మూకుట్లో పోసే ఇంట్లో ఏ డైటూ నిలవదు.

ప్రొటీన్ తగ్గితే ఆకలి ఆగదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. 75 కిలోల మనిషికి 62 గ్రాములు. మన పప్పన్నం, పెరుగన్నంతోనే అంత రావడం కష్టం. పొద్దున ఇడ్లీ బదులు పెసరట్టు, మధ్యాహ్నం గుడ్లో శనగలో చేర్చుకోండి.

బరువు రోజూ పొద్దున ఒకే సమయానికి చూసుకుని వారం సగటు తీయండి. ఒక్కరోజు అంకె చూసి ఏమీ నిర్ణయించుకోకండి. పిండివంటలు, పచ్చళ్ళ ఉప్పు వల్ల ఊరి నుంచి వచ్చాక కిలో, రెండు కిలోలు ఎక్కువ చూపిస్తుంది. అందులో చాలావరకు నీరే. జనవరి 25 దాకా ఆ అంకెని నమ్మొద్దు. షుగరు, థైరాయిడ్ మందులు వాడేవాళ్ళు డాక్టరుని అడిగే తగ్గించాలి.

చిల్లర_డబ్బా

డబ్బుకి జనవరి చెడ్డ ముహూర్తం. కారణాలు:

పాత పన్ను విధానంలో ఉంటే కంపెనీ జనవరిలో పెట్టుబడి, ఇంటద్దె రుజువులు అడుగుతుంది. అవి సరిగ్గా ఇవ్వకపోతే మిగిలిన టీడీఎస్ (జీతంలోంచి కంపెనీ ముందే కోసే పన్ను) అంతా ఫిబ్రవరి, మార్చి జీతాల్లోంచే కోస్తారు. చేతికొచ్చేది తగ్గుతుంది. దానిమీద సంక్రాంతి బట్టలు, బస్సు టికెట్లు. సరిగ్గా అప్పుడే 25 వేల సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లోకి దానంతటదే వెళ్ళే పొదుపు) మొదలుపెడితే రెండో నెలలోనే ఖాతాలో డబ్బు చాలక మ్యాండేట్ (డబ్బు కోసుకోమని బ్యాంకుకి ఇచ్చిన అనుమతి) తిరిగొస్తుంది. బ్యాంకు జరిమానా, దానిమీద జీఎస్టీ. వరసగా మూడు నెలలు అలా అయితే నెలవారీ సిప్ రద్దయిపోతుంది.

అందుకని మెట్లు కట్టండి. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలకి 10 వేలు, మొత్తం 30 వేలు. ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా తొమ్మిది నెలలు 30 వేల చొప్పున 2 లక్షల 70 వేలు. రెండూ కలిపితే 3 లక్షలు. మీరు అనుకున్న 25 × 12 కూడా 3 లక్షలే. జీతం పెరిగేది కూడా చాలా కంపెనీల్లో ఏప్రిల్ తర్వాతే కాబట్టి ఆ 30 అంత బరువనిపించదు.

డబ్బు కోసే తేదీ జీతం పడ్డాక రెండు మూడు రోజులకి ఉండాలి. నెల చివరి పనిదినం జీతమైతే 3వ తేదీ బాగుంటుంది. 15, 20 తేదీలు పెట్టుకుంటే అప్పటికి ఆన్‌లైన్ ఆర్డర్లకీ, హోటళ్ళకీ పోయాక మిగిలినదే పొదుపవుతుంది. మ్యాండేట్ నమోదుకి కొన్ని రోజులు పడుతుంది, ఈ వారమే పెట్టేయండి.

క్రెడిట్ కార్డు బాకీ ఉంటే సిప్ మాట ఎత్తకండి. నెలకి 3.5 శాతం వడ్డీ అంటే ఏడాదికి 42. ముందు అది తీర్చండి, ఆ తర్వాత ఆరు నెలల ఖర్చుకి సరిపడా ఆర్డీలోనో ఎఫ్‌డీలోనో పోగేయండి, ఆ పైన ఫండ్లు. పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా) ఉన్నవాళ్ళకి: 2020 ఏప్రిల్ నుంచి వడ్డీ 7.1 శాతం. నెలలో 5వ తేదీ దాటి వేస్తే ఆ నెల వడ్డీ ఆ సొమ్ముకి రాదు. కొత్త పన్ను విధానంలో 80సీ (ఇలాంటి పొదుపు మీద పన్ను) మినహాయింపు లేదు కాబట్టి కేవలం పన్ను కోసమైతే మార్చి చివర్లో హడావిడిగా అందులో వేయనక్కర్లేదు.

నల్లూరుహళ్ళి_నానీ

కన్నడ మనకి చాలా తేలిక బ్రో. కానీ పుస్తకం కొనుక్కుని అఆఇఈల దగ్గర కూర్చోకు. తెలుగులో తలకట్టు లేని అక్షరాలు ఖ, జ, ట, ణ, బ, ల లాంటివి అక్కడా దాదాపు అలాగే ఉంటాయి. కష్టపడి నేర్చుకోవాల్సినవి క, త, శ లాంటివి కొన్నే. నీ మెట్రో దారే నీ వాచకం. ఇందిరానగర్ దాటాక స్వామి వివేకానంద రోడ్డు, బైయప్పనహళ్ళి, బెన్నిగానహళ్ళి, కృష్ణరాజపురం, సింగయ్యనపాళ్య, గరుడాచారపాళ్య, హూడి, సీతారామపాళ్య, కుందలహళ్ళి. ప్రతి స్టేషన్లో ముందు కన్నడ బోర్డు చదువు, తర్వాత ఇంగ్లీషు చూడు. సోమ, బుధ, శుక్ర వెళ్ళేటప్పుడు ఇదొక్కటే, ఫోన్ జేబులో. రెండు వారాల్లో బస్సు బోర్డులు వాటంతటవే చదవొస్తాయి. మన "ప" అక్కడ చాలాచోట్ల "హ" అవుతుందని గుర్తుపెట్టుకుంటే (పాలు హాలు, పులి హులి) సగం మాటలు తెలిసినట్టే.

మాట్లాడడం దగ్గరే ఆగిపోతారు. కారణం సిగ్గు కాదు, ఈ ఊళ్ళో కూరగాయలబ్బాయి దగ్గర్నుంచి ఆటో డ్రైవరు దాకా మన యాస వినగానే తెలుగులోకి దిగిపోతారు. అప్పుడు "కన్నడదల్లే మాతాడి, కలీతా ఇద్దీని" (కన్నడంలోనే మాట్లాడండి, నేర్చుకుంటున్నా) అను. నవ్వి కన్నడంలోనే చెప్తారు. మొదటి నెల బేకు (కావాలి), బేడ (వద్దు), ఎష్టు (ఎంత), ఎల్లి (ఎక్కడ), గొత్తిల్ల (తెలీదు) చాలు. వారానికి మూడుసార్లు, ఎవరో ఒకరితో, డబ్బు లెక్కతో సహా మొత్తం బేరం కన్నడంలో అయితేనే ఒక టిక్కు.

పుస్తకాలు నెలకి రెండు వద్దు, ఒకటి. తిరుగు ప్రయాణంలో చదువుకో. సీటు దొరకదు కాబట్టి లావు పుస్తకం తీసుకెళ్ళకు, ఒక చేత్తో పట్టుకునే కథల సంపుటి అయితే రెండు స్టేషన్లకి ఒక పేజీ అయినా నడుస్తుంది.

ఇందిరానగర్_గోదావరి

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఉగాది దాకా ఇలా రాసుకున్నా. తప్పులుంటే చెప్పండి.

మంగళ, గురు, శని 6.15కి లేచి పరుగు, జనవరి 6 నుంచి. మార్చి 14కి 30 నిమిషాలు. సోమ, బుధ, శుక్ర వెళ్ళేటప్పుడు కన్నడ బోర్డులు, వచ్చేటప్పుడు పుస్తకం. 3వ తేదీన 10 వేలు, ఏప్రిల్ నుంచి 30. రాత్రి అన్నం ఒక కప్పు, నూనె చెంచాతో, 19 నుంచి. ఫోన్ 10.30కి హాల్లో. అలారం గడియారం ఆర్డర్ పెట్టేశాను. సర్టిఫికేషన్ ఉగాది తర్వాత చూస్తా. 12-18 అన్నీ సెలవు.

ఒక్క సందేహం. జనవరి 24 నుంచి 26 దాకా సోమవారం సెలవు కలిసొచ్చిందని స్నేహితులతో కూర్గ్ వెళ్తున్నాం. 24 శనివారం పరుగు ఉంది కదా, దాన్ని శుక్రవారానికి జరపనా, అక్కడే పరిగెత్తనా?

పాదచారి

శుక్రవారం వద్దు. గురువారం పొద్దున పరుగు, రాత్రి 9.30 దాకా కాల్, మర్నాడు మళ్ళీ పరుగంటే విశ్రాంతి లేకుండా రెండు రోజులు వరసగా పడతాయి, నిద్ర కూడా తక్కువే. కూర్గ్‌లోనూ వద్దు. అన్నీ ఎత్తుపల్లాలు, రెండో వారంలో ఎక్కుడు మీద పరిగెత్తితే పిక్కలు పట్టేసి వచ్చే మంగళవారం కూడా పోతుంది. అక్కడ నడవండి, ఎంతైనా నడవండి.

ఆ ఆదివారం క్యాలెండర్ మీద 2/3 రాసుకోండి. 27 మంగళవారం రెండో వారం మూడో పరుగు చేయండి, మూడో వారాన్ని 29న ఎత్తుకోండి. అక్కణ్ణుంచి అన్నీ ఒక్కో పరుగు వెనక్కి జరుగుతాయి. ఆఖరిది మార్చి 14 బదులు 17 మంగళవారం అవుతుంది, ఉగాదికి ఇంకా ఒక రోజు మిగులుతుంది. కానీ ఇంకో పరుగు తప్పితే ఆఖరిది నేరుగా పండగ నాడు, 19 గురువారమే పడుతుంది. అందుకని ఫిబ్రవరిలో పెళ్ళిళ్ళు ఏమున్నాయో ఇంట్లో ఇప్పుడే అడిగి తెలుసుకోండి.